బొటనవేళ్ల లెక్క

మా అమ్మమ్మ డల్సీ పార్డీ తొమ్మిదో ఏటే బడి మానేసి, మంచెల మీద కాడ్ చేపలు ఎండబెట్టే పనికి వెళ్లింది. నేను ఎనిమిదో తరగతి దాకా నెట్టుకొచ్చాను. అందుకని ఇంట్లో పెద్ద చదువు నాదేనని అప్పట్లో నా ధీమా.

ఊళ్లో అందరినీ ఆమె ముద్దుగా "బాతుపిల్లా" అనే పిలిచేది, పాస్టరు గారితో సహా. ఆమె అల్లిన ఉన్ని చేతితొడుగులు లేకుండా మా న్యూఫౌండ్‌లాండ్ దీవి చలిలో ఒక్కడూ పడవ ఎక్కేవాడు కాదు. ఒక్కోసారి రెండూ ఎడమచేతివే అల్లేసేది. అడిగితే, "నీకు కుడిచెయ్యి ఉందని ముందే చెప్పొద్దూ?" అని ఎదురు తిట్టేది.

ఆ చలికాలం హెడ్లీ తాతకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పడుకుంటే ఆయాసం. పొయ్యి పక్క చెక్క కుర్చీలో కూర్చునే కునుకు తీసేవాడు. తల ఒరిగినప్పుడల్లా అమ్మమ్మ తన భుజం అడ్డం పెట్టేది. సరిగ్గా అప్పుడే ఊళ్లో సరుకుల కొట్టు నడిపే గార్లండ్ తన కొట్లో బహుమతిగా ఒక వాలుకుర్చీ పెట్టాడు. మీట లాగితే వెనక్కి వాలి, కాళ్లు పైకి లేస్తాయి. పేరు రాసిన చీటీ పెట్టెలో వేస్తే చాలు, ఏమీ కొనక్కర్లేదు.

చీటీ తీస్తే అమ్మమ్మ పేరే వచ్చింది.

"శనివారం వచ్చి ఒక లెక్క చెయ్యాలి డల్సీ అత్తా," అన్నాడు గార్లండ్. "పక్కవాళ్లు సాయం చెయ్యకూడదు."

"లెక్కేమిట్రా? చర్చి ఆడవాళ్ల లాటరీలో పంది తొడ గెలిస్తే నన్నెవరూ లెక్క అడగలేదే!"

"వాళ్లకి లైసెన్సు ఉంది. సర్కారు లాటరీ సర్కారుదే. నాకేముంది? మన చట్టం ప్రకారం ఉత్త అదృష్టానికే కుర్చీ ఇచ్చేస్తే జూదమని నన్ను పట్టుకుపోతారు. నువ్వు కాస్త బుర్ర వాడితే జూదం కాదు."

"అంటే నిన్ను జైలు తప్పించడానికి నా బుర్ర కావాలన్నమాట, బాతుపిల్లా!"

అక్కడ నవ్వింది కానీ, ఇంటికొచ్చాక పెన్సిలు పట్టుకుని, ఒక్క అంకె వెయ్యకుండానే పక్కన పెట్టేసింది.

"తప్పు చెబితే?" అని నన్నడిగింది.

"ఇంకో చీటీ తీస్తారు."

"తాతకి చెప్పకు," అంది చిన్నగా.

మూడు రోజులు నేను పంతులమ్మనయ్యాను. "ఎడమ నుంచి మొదలుపెట్టి వరసగా చేసుకుపో, అంతే," అని నూరిపోశాను.

శనివారం పట్నం నుంచి వచ్చిన కార్డు గార్లండ్ ఆమె ముందు పెట్టాడు: 45 ÷ 3 + 6 × 2. జవాబు వేరే కవరులో అంటించి ఉంది. నేను మనసులో వరసగా చేసేశాను. నలభై రెండు!

అమ్మమ్మ పెన్సిలు ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని వేళ్లు ఆడించింది.

"ఇరవై ఏడు."

పోయింది కుర్చీ అనుకున్నాను. గార్లండ్ మొహం కూడా వాడిపోయింది. వాడూ నా బడివాడే మరి, నలభై రెండే చేసి ఉంటాడు. "అత్తా, ఇంకోసారి..."

"ఇంకోసారి దేనికి? నలభై ఐదు కుట్లు, మూడు సూదులు. సూదికి పదిహేను. బొటనవేలికి ఆరు కుట్లు, చేతులు రెండు, పన్నెండు. బొటనవేళ్లు దేనికవే ముందు అల్లుకోవాలి. పిడికిలితో కలిపేసి రెట్టింపు చేస్తే అది ఎవడి చేతికి పడుతుందిరా? ఎలుగుబంటికా?"

గార్లండ్ కవరు చించాడు. చూశాడు. కార్డు ఇటు తిప్పి నాకు చూపించాడు.

ఇరవై ఏడు.

కుర్చీని మంచుబండి మీద ఇంటికి తెచ్చాం. తాత దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏం చేసి గెలిచావే?" అని అడిగాడు.

"ఒక జత అల్లాను," అంది.

మర్నాడు నాకూ ఒక జత ఇచ్చింది. తొడుక్కుని చూద్దును కదా, రెండూ ఎడమచేతివే.

"ఎప్పుడూ ఎడమ నుంచే కదే మొదలుపెడతావు!" అంది అమ్మమ్మ.

ఆ మధ్యాహ్నం తాత మీట లాగి, వెనక్కి వాలి, దగ్గు లేకుండా నిద్రపోయాడు. అమ్మమ్మ చెక్క కుర్చీ పక్కకి లాక్కుని, అలవాటుగా భుజం ఆనించింది. ఒరిగే తల లేదు. అల్లిక సూదులు ఒళ్లోకి తీసుకుంది. తర్వాత తన తలే ఆయన భుజం మీదికి ఒరిగింది. సూదులు ఒళ్లోంచి జారి కింద పడ్డా లేవలేదు.