ప్రెసిడెంటు గారి ఉత్తరాలకు పడిన మార్కులు

దుమగెటె అనే దీవి పట్నం చివరి మత్స్య కళాశాలలో ఫ్లోర్దెలిసా బాలోరో లైబ్రరీ గుమాస్తాగా చేరింది. ఈమెయిల్ సర్వర్ చూసుకునే ఆయన సింగపూర్ వెళ్లిపోయాక, పక్క గదిలో కూర్చుంటుందన్న పాపానికి ఆ పని ఆమె నెత్తిన పడింది. పన్నెండేళ్లయినా ఎవరూ దించలేదు. లాటరీ తగిలిందనేవాళ్లు, బట్టతలకు మందు అమ్మేవాళ్లు, వారసుల్లేని శ్రీమంతుల లాయర్లు రోజూ వేలల్లో ఆ సర్వర్ తలుపు కొడతారని కళాశాలలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లకు తెలియకపోవడమే తన పనితనమని ఆమె లోలోపల మురిసిపోయేది.

ఆ జూన్‌లో ఆమె కొత్త స్పామ్ ఫిల్టర్ పెట్టింది. లోపలివాళ్లదా బయటివాళ్లదా అని చూడకుండా ప్రతి ఉత్తరానికీ అది తప్పుల మార్కులు వేస్తుంది. ఐదు దాటితే ఉత్తరం చెత్తబుట్టకే.

పదకొండో రోజున ప్రెసిడెంటు డాక్టర్ ఎపిఫానియో తుములాక్ ఆమె గదికి దిగివచ్చాడు. తన ఉత్తరాలకు ఒక్కరూ జవాబివ్వడం లేదని, అధ్యాపకులంతా ఏకమై సమ్మె చేస్తున్నట్టున్నారని అన్నాడు. ఆమె చెత్తబుట్ట తెరిచి చూసింది. నలభై మూడు ఉత్తరాలూ అక్కడే ఉన్నాయి.

"మీవి చెత్తలోకి పోయాయి సార్. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే కాబట్టి రెండు మార్కులు, ఎర్ర రంగుకు ఒకటి, తొమ్మిది ఆశ్చర్యార్థకాలకు రెండు, 'వెంటనే చేయకపోతే' అన్నందుకు ఒకటిన్నర. మొత్తం ఆరున్నర."

"పుట్టి బుద్ధెరిగాక నన్ను ఫెయిల్ చేసినవాళ్లు లేరు, మేడమ్ ఫ్లోర్."

తన పేరు కనిపిస్తే ఏ పరీక్షా లేకుండా వదిలెయ్యమని ఆయన హుకుం జారీ చేశాడు. అలా చేస్తే ఆ పేరు తగిలించుకుని ఎవడైనా లోపలికి వచ్చేస్తాడని ఆమె నెమ్మదిగా చెప్పిచూసింది. తన పేరు పెట్టుకునే ధైర్యం ఈ దీవిలో ఎవరికుందని ఆయన నవ్వాడు. చేసేది లేక ఆమె ఆయన పేరును పరీక్ష అక్కర్లేని ప్రత్యేక జాబితాలో చేర్చింది.

ఆ సంగతి పొక్కగానే చేపల జబ్బుల పాఠం చెప్పే గాస్పర్ ఆకుల్లో చుట్టి ఉడికించిన జిగురన్నం, వేడివేడి బుద్‌బుద్ పొట్లాలతో వచ్చి, ఆమెను అక్క వరస పెట్టి బతిమాలాడు.

"మానాంగ్, ఆయన ఉత్తరాల పనుల్లేక ఈ పదకొండు రోజులూ నేను క్లాసుల్లో పాఠం చెప్పాను. అంతకుముందు ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. ఆయన పేరు తీసెయ్యరాదూ?"

ఆమె బుద్‌బుద్ తీసుకుంది గానీ పేరు తియ్యలేదు.

మూడు వారాల తర్వాత ప్రెసిడెంటు పేరుతో అందరికీ ఒక ఉత్తరం వచ్చింది. దయచేసి, వీలున్నప్పుడు, తనిఖీ కోసం మీ పాస్‌వర్డ్ పంపగలరని ఉంది. ఆయన జన్మలో 'దయచేసి' అనడని, ఇది దొంగ ఉత్తరమేనని అధ్యాపకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెకు చెప్పారు. ఒక్కరూ మోసపోలేదని ఆమె ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నానికల్లా కళాశాల సర్వర్ నుంచి ప్రపంచం మీదికి చేతిగడియారాల ప్రకటనలు నలభై వేలు పోతున్నాయి. పంపుతున్నది ఎవరి ఖాతానో ఆమె చూసింది. ఖాతా మూసేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైన ప్రెసిడెంటు గదికి వెళ్లింది.

"సార్, పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా?"

"అడిగితే ఇచ్చాను."

"ఎవరడిగారు?"

ఆయన తెర మీద ఆ ఉత్తరం కింద ఉన్న పేరు చూపించాడు.

"నేనే."

తన పేరుతో ఆమే పంపి ఉంటుందనుకున్నాడట. పెద్దవాడే ముందు పాటిస్తే మిగతావాళ్లకు ఆదర్శంగా ఉంటుందనీ అనుకున్నాడట.

కళాశాల పేరు స్పామర్ల జాబితాల్లోకి ఎక్కింది. బయటికి ఒక్క ఉత్తరం పోదు. ఆమె తన సొంత ఖాతా నుంచి ఆ జాబితాలవాళ్లందరికీ క్షమాపణలు రాసి ఒక్కో జాబితాలోంచి పేరు తీయించింది. చివరి జాబితావాళ్లు మాత్రం సంస్థ పెద్దే రాయాలన్నారు. ప్రెసిడెంటు ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అలవాటు కొద్దీ పెద్దక్షరాల్లో మొదలుపెట్టాడు. ఆమె చెయ్యి చాపి పెద్దక్షరాల మీట నొక్కి ఆపేసింది. చిన్నక్షరాల్లో నాలుగు వాక్యాలు రాయడానికి ఆయనకు గంట పట్టింది. ఆరో రోజున కళాశాలకు విముక్తి దొరికింది. తన పేరు ఆ ప్రత్యేక జాబితాలోంచి తీసెయ్యమని ఆయనే చెప్పాడు.

ఆ తర్వాత ఆయన అన్నీ చిన్నక్షరాల్లోనే రాశాడు. ఉత్తరాలు అందరికీ అందాయి, ఏమంటున్నాడో మొదటిసారి అందరికీ అర్థమైంది. దాంతో తనకు పని రెట్టింపైందని గాస్పర్ వారం రోజులు ఫ్లోర్దెలిసాతో మాట్లాడలేదు.