పిడుగు అని పిలిస్తే

ఆ వార్డులో ఎవరు ఎవర్ని ఏ వరస పెట్టి పిలిచినా పలికేది పెద్ద సిస్టరే. మూల మంచం మీది మాస్టారు "ఏమేవ్!" అని గర్జిస్తే "ఆఁ, వస్తున్నా!" అని భార్యలా పలికేది. కిటికీ పక్కావిడ "వదినా, నా దుప్పటి నువ్వే తీశావు కదూ?" అని నిలదీస్తే "తీశాను లెద్దూ, ఉతికి ఇచ్చేస్తాను" అని లేని నేరం నెత్తిన వేసుకునేది. ఒక్క పూటలో ఒకరికి భార్య, ఒకరికి వదిన, ఇంకొకరికి ఎప్పుడో పోయిన అక్క. ఇన్ని కాపురాలు ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి! సొంతానికి మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తీరిక దొరకలేదని చెప్పేది.

అది మెదడు జబ్బుల వార్డు. మెదడులో కణితి పెరిగి, తల కోయించుకుని, కుట్లతో పడుకున్నవాళ్ళు ఒక వరస. నరాలు మెల్లమెల్లగా పాడైపోతూ నడక, మాట, మింగడం ఒక్కొక్కటే పోగొట్టుకుంటున్నవాళ్ళు ఇంకో వరస. మంచినీళ్ళు కూడా ఊరికే ఇవ్వడానికి లేదక్కడ. పొడి కలిపి చిక్కగా చేయాలి, గడ్డం కిందికి వంచి మింగమనాలి, గొంతు కదిలిందాకా చెంచా పట్టుకుని ఆగాలి. తొందరపడితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కదల్లేనివాళ్ళను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టకపోతే వీపు పుండు పడుతుంది. టార్చి వేసి కంటిపాపలు చూడాలి, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా కనిపించిందా, ఇక డాక్టరు కోసం పరుగే.

ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. కణితి తీశాక అతనికి ఎడమ పక్క లోకమే లేకుండా పోయింది. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, మెదడే ఆ పక్కను పట్టించుకోవడం మానేసింది. పళ్ళెంలో కుడివైపు సగం తినేసి "సగమే పెడతారా? మేం మనుషులం కామా?" అని రంకెలు వేసేవాడు. కొత్తగా చేరిన నర్సు, పాపం, "ఇంకా ఉంది కదండీ, చూడండీ" అని వాదించి వాదించి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పెద్ద సిస్టర్ వచ్చింది, మాటా పలుకూ లేకుండా పళ్ళేన్ని గిర్రున తిప్పింది. "అదీ! అరిస్తే గానీ పెట్టరు వీళ్ళు" అని డ్రైవరు మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

"చూశావుగా," అంది ఆవిడ కొత్త నర్సుతో. "కాదు, లేదు అంటే ఇక్కడ కుదరదమ్మాయ్. పరీక్ష చేసేటప్పుడు పేరడుగు, ఇదెక్కడో అడుగు, తప్పు చెబితే రాసుకో. ఆ తర్వాత మాత్రం వాళ్ళు నిన్నెవరనుకుంటే నువ్వు వాళ్ళే. పలికితే నీ సొమ్మేం పోదు."

చెప్పడానికి బాగానే ఉంటుంది. ఇంతమందికి ఇన్ని వరసలుగా పలికే ఆ మనిషిని తన సొంత పేరుతో, ముద్దుపేరుతో పిలిచేది లోకంలో ఒక్కతే ఒక్కతి. వాళ్ళమ్మ. ఆ పిలుపు ఆగిపోయి చాలా కాలమైంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్ళీ ఆ నోట వినాలని ఆమె ఎంత అల్లాడిపోయేదో వార్డులో ఒక్కరికీ తెలియదు.

వాళ్ళమ్మ సిటీ బస్సు కండక్టరు. ఆడ కండక్టరంటే జనం వింతగా తొంగి చూసే రోజులవి. భర్త పోయాక భుజాన సంచీ తగిలించుకుని ఆ ఉద్యోగంలో చేరింది. గొంతు విప్పి "రైట్!" అందంటే డ్రైవరు ఉలిక్కిపడి గేరు మార్చేవాడట. ఇంట్లో చూసేవాళ్ళు లేక, బడి వదలగానే కూతురు కూడా ఆ బస్సే ఎక్కేది. ఎక్కి ఊరుకుంటుందా? కమ్మీలు పట్టుకుని వేలాడేది, ప్రయాణికుల టోపీలు లాగేది, అమ్మకంటే ముందు తనే "టికెట్, టికెట్" అని అరిచేది. "ఒసేయ్ పిడుగా, కూర్చోవే!" అని అమ్మ కేక. బస్సంతా నవ్వు. అలా పిడుగు అనే పేరు ఖాయమైపోయింది. నర్సు అయినా, జుట్టు నెరిసినా, ఒళ్ళొచ్చి మెట్లెక్కితే ఆయాసపడుతున్నా ఇంటికి వచ్చేసరికి మాత్రం ఆమె పిడుగే. "ఏమే పిడుగా, తిన్నావా?" అని అమ్మ అడిగాకే ఆ రోజు డ్యూటీ దిగినట్టు ఉండేది ఆమెకు.

జబ్బు మొదలైనప్పుడు డాక్టరు కంటే ముందు తెలిసింది కూతురికే. అమ్మ తన వీధి మొదట్లోనే నిలబడి దారి అడిగింది. నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయింది. లేని పిల్లిని ఉష్ ఉష్ అని తోలింది. ఇవన్నీ వేరే వాళ్ళమ్మలో చూసి ఉంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకురమ్మనేది. తన అమ్మ కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకుంది. చివరికి తీసుకెళ్ళింది. డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకుని మెల్లగా చెప్పబోతే "నాకు తెలుసు సార్" అని తల దించుకుంది.

మొదట ఇరుగుపొరుగు పేర్లు పోయాయి. తర్వాత ఒకరోజు, డ్యూటీ నుంచి తెల్ల బట్టల్లో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి అమ్మ మంచం మీద ముడుచుకుపోయింది. "సూది వద్దమ్మా, నీకు పుణ్యముంటుంది" అంది. మర్నాటి నుంచి ఆసుపత్రిలోనే బట్టలు మార్చుకుని వచ్చేది. అప్పుడు అమ్మ భయపడలేదు, తలుపు దగ్గర నిలబడి మర్యాదగా "ఎవరు కావాలమ్మా?" అని అడిగింది. భయమే నయమనిపించింది.

పగలు అమ్మను చూసుకోవడానికి ఒక ఆయాను కుదుర్చుకుంది. వార్డులో పనిచేసిన మనిషే. వాగుడు ఎక్కువని పనిలోంచి తీసేశారు. వీధి చివర ఉండగానే ఆమె గొంతు ఇంట్లోకి వచ్చేది. అమ్మను "పెద్దమ్మా" అంటూ, ఆటపట్టిస్తూ, తనే పాడుతూ, తనే నవ్వుతూ ఇల్లు దద్దరిల్లేలా చేసేది. వచ్చిన వారం తిరక్కుండానే అమ్మ ఆమెను చూసి పకపకా నవ్వి "ఒసేయ్ పిడుగా, నోరు మూసుకోవే!" అంది. ఆయా "ఏంటమ్మా?" అని పలికింది. అంతే, పేరు అక్కడ అతుక్కుంది.

పెద్ద సిస్టర్‌కు ఒళ్ళు మండిపోయింది. పాపం ఆయాది తప్పేముంది? తెలుసు. తెలిసినా మండింది. ఒక సెలవురోజు అద్దం ముందు కూర్చుని, నెరిసిన జుట్టును రెండు జడలు వేసుకుంది, చిన్నప్పటిలా. తన మొహం చూసి తనకే నవ్వొచ్చింది, సిగ్గు లేకపోతే సరి అనుకుంది. అయినా ఆశ చావక అలాగే వెళ్ళి అమ్మ ముందు నిలబడింది. అమ్మ పైనుంచి కిందిదాకా చూసి, ఆయా చెవిలో గుసగుసగా, "ఎవరే ఈవిడ? పాపం, మతి చెడినట్టుంది. కాస్త టీ ఇచ్చి పంపించు" అంది. ఆయా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. పెద్ద సిస్టర్ కూడా నవ్వింది. స్నానాల గదిలోకి వెళ్ళి జడలు విప్పుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

ఇక్కడిదాకా ఓర్చుకుంది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ, వణికే చేతులతో, ఆయా తల దువ్వుతోంది. "కదలకే పిడుగా, పాపిడి వంకరపోతుంది." తన తలను అలా ఒళ్ళో పెట్టుకుని దువ్విన చేతులవి. ఆయా లేవగానే పెద్ద సిస్టర్ ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఇకనుంచి ఆ పేరు పెట్టి పిలిస్తే పలక్కు."

"ఏ పేరక్కా?"

"ఏ పేరో నీకు తెలీదా?"

ఆయా చేతిలో గిన్నె కింద పెట్టింది. "మీరే కదక్కా నేర్పింది? ఎవరనుకుంటే వాళ్ళలా పలకమని?"

"అది వార్డులో. ఇది మా ఇల్లు. ఆవిడ మా అమ్మ."

"పలక్కపోతే బెంగపడుతుందేమోనక్కా."

"పడనీ. నువ్వు కాదని తెలిస్తే వెతుక్కుంటుంది. వెతుక్కుంటే నేనే దొరుకుతాను."

ఇదే మాట ఇంకో నర్సు అని ఉంటే చెడామడా దులిపేసేది కాదూ? కానీ ఆశ అలాంటిది మరి. చేసిన సర్వీసునంతా పక్కకు నెట్టేసి పీట వేసుకుని కూర్చుంటుంది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక వార్డుకు ఫోన్ వచ్చింది. ఆయా వెక్కుతోంది. "పిడుగా అని పిలిచిందక్కా. నేను కాదు పెద్దమ్మా, మీ అమ్మాయి డ్యూటీకెళ్ళింది అన్నాను. మరి నా పిల్లేదీ అంటూ మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది, వీధిలోకొచ్చేసింది. ఎంత లాగినా రావట్లేదు. బస్టాపు దగ్గరున్నాం. నన్ను కొడుతోందక్కా."

పని పక్క సిస్టర్‌కు అప్పగించి, తెల్ల బట్టలు కూడా మార్చుకోకుండా, అవి కనపడకుండా పైన ఒక కోటు వేసుకుని పరుగెత్తింది. ఆయాసం వచ్చినా ఆగలేదు.

బస్టాపు దగ్గర జనం మూగి ఉన్నారు. అమ్మ ఒక కాలికే చెప్పుతో రోడ్డు అంచున నిలబడి ఉంది. జబ్బు తినేయగా పిల్లికూతలా మిగిలిన ఆ గొంతుకు బలం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, పాత కండక్టరు గొంతుతో, వచ్చిన ప్రతి బస్సుకూ అడ్డం చెయ్యి పెట్టి అరుస్తోంది. "ఆపవయ్యా! ఆపు! వెనక సీట్లో పిల్ల నిద్రపోతోంది! దింపడం మరిచిపోయాను!" ఎవరో కుర్రకారు నవ్వారు. అమ్మకు నవ్వులు వినపడటం లేదు. మొహమంతా కన్నీళ్ళు.

పెద్ద సిస్టర్ జనాన్ని తోసుకుంటూ దగ్గరకు వెళ్ళింది. పిల్లను బస్సులో మరిచిపోతానేమో అన్న ఈ భయాన్ని అమ్మ ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుందని ఆమెకు తెలియదు. దాన్ని లేపి బయటికి తెచ్చింది తనే. తన పేరు తనకు కావాలన్న పంతంతో.

"అమ్మా," అని రెండు భుజాలూ పట్టుకుంది. "అమ్మా, నేనే పిడుగుని. దిగేశాను. చూడు."

అమ్మ చూసింది. నిజంగానే చూసింది, కళ్ళు చికిలించి, శ్రద్ధగా.

"ముసలిదానితో వేళాకోళమేంటమ్మా?" అంది అమ్మ, ఏడుస్తూనే. "నా పిల్ల ఇంతే ఉంటుంది." నడుము ఎత్తున గాలిలో చెయ్యి పెట్టి చూపించింది. "చీకటి పడితే భయపడుతుంది తల్లీ. ఎవరైనా ఎత్తుకుపోతారు."

ఇంకో బస్సు వచ్చి ఆగింది. పెద్ద సిస్టర్ ఆయా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ముందు నుంచి ఎక్కి వెనక నుంచి దిగు. నిద్ర లేచినట్టు."

"నేనెట్లా అక్కా, మీరుండగా? మీరే కదా ఆ పిల్ల?"

"వెళ్ళవే. మా అమ్మ ఏడుస్తోంది."

ఆయా ఎక్కింది. డ్రైవరు విసుక్కుంటూ హారన్ కొట్టాడు. "ఒక్క నిమిషం బాబూ" అని పెద్ద సిస్టర్ కిటికీ కేసి చేతులు జోడించింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెను మీరు అంది. "పెద్దమ్మగారూ, ఏడవకండి. మీ పిల్ల ఈ బస్సులోనే ఉంది. నిద్రపోతుంటే నేనే జాగ్రత్తగా చూసుకున్నాను. అదిగో, దిగుతోంది."

ఆయా వెనక మెట్ల మీంచి దిగింది, కళ్ళు నులుముకుంటూ. నటిస్తోందో, నిజంగానే ఏడుస్తోందో. "అమ్మా, నిద్రపట్టేసిందమ్మా."

"పిడుగా!"

ఆ ఒక్క కేకలో అంతా ఉంది. పాత గొంతు, పాత కోపం, పాత ప్రాణం. అమ్మ ఆయా వీపు మీద ఒక్కటి చరిచి, మెడ చుట్టూ చేతులు వేసి, "నా ప్రాణం తీశావు కదే, పిడుగా, పిడుగా" అంటూ మొహమంతా తడిమింది. పెద్ద సిస్టర్ చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి వింది. తను అడిగిన పిలుపే. ఒకటి కాదు, అన్నిసార్లు. ఒక్కటీ తనకు కాదు. అంతమంది ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కుంది గానీ ఆగలేదు.

కాస్త తెరిపిన పడ్డాక అమ్మ ఆమె చెయ్యి అందుకుంది. "నీ మేలు ఈ జన్మలో మర్చిపోను తల్లీ. నువ్వెందుకు ఏడుస్తావు? పిల్ల దొరికింది కదా." కొంగున ముడివేసుకున్నంత గట్టిగా ఆ చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ అడిగింది. "నీకు అమ్మ ఉందా?"

"ఉందండీ."

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పొద్దు వాలిపోయింది. వేళకు రాకపోతే తల్లికి కాలూ చెయ్యీ ఆడదమ్మా. నీకోసం చూస్తూ ఉంటుంది. వెళ్ళు."

"వెళ్తానండీ."

అమ్మా ఆయా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటి దారి పట్టారు. కాళ్ళు ఆగిపోయినప్పుడల్లా ఆయా ఏదో పాట అందుకునేది, అమ్మ ఆ పాటకు అడుగు కదిపేది. పెద్ద సిస్టర్ వెళ్ళాల్సిందీ ఆ దారినే. పక్కన నడిస్తే, ఇంకా వెళ్ళలేదా తల్లీ అని అమ్మ కంగారు పడుతుంది. అందుకని బాగా వెనకగా, దారిన పోయే మనిషిలా నడిచింది. అమ్మ తల తిప్పినప్పుడల్లా ఆగి, ఎవరి ఇంటి ముందో నిలబడి, తలుపు కొట్టబోతున్నట్టు చెయ్యి ఎత్తింది.