పొడి తాడు

ఈ మాట నాలో చాలా ఏళ్లుగా ఉంది. దీన్ని పెట్టుకునే పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, సముద్రం వదిలి నెల్లూరు చేరి ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బరువు మొదట్లోనే తెలుస్తుంది, తర్వాత ఒంటికి అలవాటైపోతుంది. అలవాటైందంటే తేలికైందని కాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది మైపాడు వైపు వేట మీద బతికిన ఇల్లు. అమ్మానాన్నలు లేరు. అన్న, వదిన, నేను. వదిన తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టింది. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు కూడా పడవెక్కి గడ వేస్తారు. మా ఊళ్లో ఆడమనిషి తెప్ప మీద కాలు పెట్టకూడదు, పెడితే గంగమ్మకు కోపం వస్తుందంటారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ వదినకు ఒకటే కోరిక. అలలు దాటి అవతలికి ఒక్కసారి పోయి రావాలి. అన్న నవ్వి ఊరుకునేవాడు. యాభైల చివర్లో ఒక ఎండాకాలం, ఊళ్లో చాలామంది పక్క ఊరి జాతరకు పోయిన రోజున, ఏమనుకున్నాడో, సరే పోదాం పద అన్నాడు. నన్ను పిలిచి తెప్ప కట్టమన్నాడు.

వేటకు కాదు, షికారుకు. ఆ మాటే నాకు గుచ్చుకుంది.

తెప్ప అంటే పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించిన దుంగలు. వేట నుంచి రాగానే విప్పి ఆరబెడతాం, పోయేముందు మళ్లీ కడతాం. కొబ్బరి తాడును సముద్రపు నీళ్లలో బాగా నానబెట్టి, అప్పుడు కట్టాలి. పొడిగా కడితే నీళ్లు తగిలాక సాగి కట్టు వదులవుతుంది. మా ఇంట్లో కట్టడం నా పని. ఒకడు కట్టిన కట్టును ఇంకొకడు లాగి చూడడు. చూస్తే వాడి చేతిని నమ్మనట్టే. అందుకని నోటితో అడిగి ఊరుకుంటారు.

ఆ రోజు నేను తాడు తడపలేదు.

ఎందుకు తడపలేదు? బద్ధకం వల్ల అని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. కానీ నీళ్లు పక్కనే ఉన్నాయి. నిజమేమిటంటే నాకు ఒళ్లు మండింది. ఆవిడ సరదా కోసం నేను తాళ్లు నానబెట్టుకుంటూ కూర్చోవాలా అనిపించింది. వేటకైతే ఇంట్లో పొయ్యి గుర్తొచ్చేది, చెయ్యి దానంతటదే జాగ్రత్త పడేది. ఈ మాత్రం దూరానికి ఏమవుతుందిలే అనుకున్నాను. కీడు తలపెట్టానా? లేదు, నేనూ అదే తెప్ప ఎక్కాను కదా అని ఇన్నేళ్లూ నా తరఫున నేనే వాదించుకుంటూ వచ్చాను, ఆ వాదనలో ఎక్కడో బొక్క ఉందని తెలిసి కూడా. వదినకు సముద్రంలో చిన్న ఇబ్బంది ఏదో ఎదురై, బుద్ధొచ్చి, ఇంకెప్పుడూ అడగకుండా ఉంటే బాగుండునని నాకు లోపల ఉండిందా? ఉండింది.

"తాడు తడిపినావా?" అని అన్న అడిగాడు. "ఆఁ" అన్నాను.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. అల ఎదురొచ్చినప్పుడల్లా తెప్ప ముందు భాగం పైకి లేచి దబ్బున పడేది. వదిన తాడు పట్టుకుని కూర్చుని, తల మీదుగా నీళ్లు పోతుంటే నవ్వింది. అలలు దాటాక సముద్రం చదునైంది. అక్కడ ఆమె వెనక్కి తిరిగి మన ఊరు ఇంతేనా అంది. ఆ మాటకు మా అన్న పొంగిపోయాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడటం అదే ఆఖరు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్ద అల ఒకటి మమ్మల్ని వెనక నుంచి ఎత్తింది. కాళ్ల కింద దుంగలు కదలడం నాకు తెలిసింది. పక్క దుంగ విడిపోయింది. ఆ సందులో అన్న కాలు దిగబడింది, తర్వాతి అలకు దుంగ వచ్చి ఆ కాలి మీదే కొట్టింది. వదిన ఆయన్ను వదల్లేదు. ఇద్దరం కలిసి ఒడ్డుకు లాక్కొచ్చాం.

అన్న కాలు మళ్లీ సరిగా రాలేదు. మళ్లీ తెప్ప ఎక్కలేదు. తాడు అప్పటికే తడిసి ముద్దయి ఉంది, దాన్ని చూసి ఎవరు ఏం కనిపెట్టగలరు? ఎవరూ వెతకనూ లేదు. ఆడకాలు పడిందన్నారు, అంతటితో తేలిపోయింది. పెద్దలు కూర్చుని, తెప్పలు వచ్చే వేళకు వదిన ఒడ్డుకు రాకూడదని చెప్పారు. అన్న కూడా తలొంచుకుని తప్పు తనదేనన్నాడు, తీసుకుపోయింది తనే కాబట్టి. నేను వెనక నిలబడి వింటున్నాను. నోరు తెరవడానికి అదే సమయం. తెరవలేదు.

తర్వాత ఇల్లు వదినే నడిపింది. ఒడ్డుకు పోకూడదు కాబట్టి చేపల గంప నేను ఇంటికి తెచ్చి ఇచ్చేవాణ్ణి, ఆమె ఎత్తుకుని లోపలి పల్లెలకు నడిచిపోయి అమ్ముకొచ్చేది. మరిదంటే ఇట్టుండాల అని ఊళ్లో నన్ను మెచ్చుకునేవాళ్లు. నేను కాదనలేదు.

అరవైల్లో, నైలాను వలలు వస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం గంప దించి వెళ్లబోతుంటే వదిన పిలిచింది. చేపలు వేరు చేస్తోంది. తలెత్తలేదు.

"అబ్బయా, ఆ పొద్దు నేను తెప్ప ఎక్కి తాడు పట్టుకున్నా గదా. ఇంకా నీళ్లు తగల్లేదు. చేతికి పొడిగా ఉండింది. పొడి తాడేనా అది?"

అడిగిందే గానీ నిందించలేదు. గొంతులో కోపం లేదు. అవును వదినా అంటే సరిపోయేది. నేనన్న మాట ఇది:

"ఆడమనిషి కాలు పెట్టినాక తాడేం చేస్తాది వదినా?"

ఆమె చేతిలోని చేపను గంపలో వేసింది. "సరే, పోయిరా" అంది. మళ్లీ చేపలు వేరు చేసుకుంది.

తాడు తడపకపోవడం పొరపాటని ఎవరైనా అనవచ్చు. ఆ మధ్యాహ్నం నేనన్న మాటను పొరపాటని నేను కూడా అనలేను. ఊరంతా ఆమెను అంటుంటే అది ఊరి నమ్మకం. నిజం తెలిసి అన్నది నేనొక్కణ్ణే. ఆమె ఆ సంగతి అన్నకు చెప్పిందా? చెప్పలేదనుకుంటాను. ఆయన చివరిదాకా నన్ను మునుపటిలాగే చూశాడు. ఎందుకు చెప్పలేదో అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. అన్న పోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆమె కూడా పోయింది. ఆఖరి రోజుల్లో చూడటానికి వెళ్లి, తెచ్చిన పండ్లు పక్కన పెట్టి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. క్షమించాల్సిన ఇద్దరూ లేరు, మీరు క్షమించినా అది చెల్లదు. వాళ్లిద్దరూ అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు బాకీ పడ్డాను, అది ఇక్కడ చెప్పేస్తాను.

తాడు తడపలేదు, అన్నా.

నువ్వు పట్టుకున్నది పొడి తాడే వదినా.