ఏడాదికి పన్నెండు క్రిస్మస్‌లు

1974లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడమీద మా లెక్కల ఆఫీసు. నేను ఇన్వెస్టిగేటర్‌ని, అంటే ఇంటింటికీ తిరిగి ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు అని అడిగి షెడ్యూల్ అనే పొడుగాటి ప్రశ్నల కాగితం నింపేవాణ్ణి. కొత్త వరి వంగడాలు వచ్చి డెల్టాలో దిగుబడి పెరిగింది. ఆ పెరుగుదలలో రైతుకెంత చేరింది, కౌలుదారుకెంత, కూలికెంత అన్నది తేల్చడం మా పని. లెక్కల్లో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

డిసెంబరు ఆఖరులో కాలువ పక్కన ఒక ఊళ్ళో కూలీల పేటకు వెళ్ళాను. మొదటి ఇల్లు సువార్తమ్మది. నాట్లకీ కోతలకీ ఆడవాళ్ళను కూడగట్టుకెళ్ళే ముఠా పెద్ద ఆవిడ. కోతకూలి కింద కొలిచిచ్చిన ధాన్యం కుండలనిండా ఉంది. మనవలకు కొత్త బట్టలు, పొయ్యిమీద మాంసం, చూరుకు కాగితం నక్షత్రం. నా చేతిలో రెండు అరిసెలు పెట్టింది. అవి నములుతూనే గడిచిన ముప్పై రోజుల ఖర్చంతా రాసుకున్నాను.

ఆఫీసులో ఆ నెల ఖర్చును పన్నెండుతో గుణించాను. అందరి షెడ్యూళ్ళకీ అదే పద్ధతి. కూలి ఇల్లు కూడా రైతు ఇంటితో సమానంగా బాగుపడినట్టు తేలింది. "శభాష్! కృష్ణమ్మ అందరికీ సమానంగా పంచిందయ్యా!" అని మా ఆఫీసరుగారు భుజం తట్టారు. నేను ఉబ్బిపోయాను.

మే నెలలో, ఖాళీగా వదిలేసిన ఒక కాలమ్ నింపడానికి మళ్ళీ ఆ పేటకు వెళ్ళాల్సివచ్చింది. కాలువలకు నీళ్ళు ఆపేసి చాలా రోజులైంది, పొలంలో పనుల్లేవు. పాలపొడి కలిపి పోసే కేంద్రం ముందు పిల్లలు గిన్నెలతో నిలబడ్డారు. సువార్తమ్మ చిక్కిపోయి ఉంది.

"బాగున్నారా బాబూ? వచ్చే నెల్నించి ఈ పాలు ఆపేత్తారంటండీ. మా పేట బాగుపడిపోయిందని ఎవరో రాసేరంట. ఆ మారాజెవరో మా కుండలో చెయ్యి పెట్టి చూసేడా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "రాసింది నేనేనమ్మా" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. ఎలా రాశానో చెప్పమంది. చెప్పాను. పకపకా నవ్వేసింది.

"ఓరి నాయనో! అయితే మాకు ఏడాదికి పన్నెండు క్రిస్మస్‌లు చేసేసేరా బాబూ! ఏసయ్య పుట్టింది ఒక్కసారే కదండీ!" అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ కోతల గింజలే మళ్ళీ నాట్లదాకా సాగదియ్యాలండీ. ఇప్పుడు మాకు ఒక్కపూటే పొయ్యి. పిల్లలకి ఆ పాలే ఆధారం."

ఆ వారమంతా అక్కడే తిరిగి, ప్రతి ఇంటి మే నెల ఖర్చూ రాసుకున్నాను. రైతుల ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళాను. వాళ్ళకు రెండు నెలలకీ పెద్ద తేడా లేదు. కూలి ఇళ్ళ ఖర్చు మాత్రం సగానికి పడిపోయింది.

కొత్త పట్టిక చూసి ఆఫీసరుగారు కళ్ళజోడు తీసేశారు. "తప్పు ఒప్పుకుంటూ సంతకం పెడితే నీ సర్వీసు రిజిస్టర్‌లో పడుతుందయ్యా. ఆలోచించుకో."

"పడనివ్వండి సార్."

ఆయన గొణుక్కుంటూనే నా సంతకం కింద తన సంతకమూ చేశారు. ఆ మంచితనానికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. పాలు ఆగలేదు. నాకు మెమో వచ్చింది.

ఎంత పెరిగిందని అడిగితే చాలదు, ఎవరికి అని అడగాలి. ఏ నెలలో అడుగుతున్నామో కూడా చూసుకోవాలి. నా ఉద్యోగంలో నేర్చుకున్న గొప్ప పాఠం ఇదే, నేర్పింది బడి మొహం చూడని మనిషి.

ఆ డిసెంబరులో సువార్తమ్మ కబురు పంపింది. "పండక్కి రండి బాబూ. ఆ కాయితాలు మాత్రం ఆఫీసులో పెట్టి రండి."

ఖాళీ చేతులతో వెళ్ళాను. ఆ రోజు నేనెన్ని అరిసెలు తిన్నానో ఏ షెడ్యూల్‌లోనూ లేదు.