మాడిన సకినం

ఎవరింట్లోనైనా నూనెలో నువ్వులూ వామూ వేగుతున్న వాసన వస్తే నా కాళ్లు ఇప్పటికీ ఆగిపోతాయి. పటాన్‌చెరు దగ్గర మా ఊరు చిట్కుల్‌లో మా పెంకుటింటి వాకిలీ, పరిచిన బట్ట మీద చుట్లుచుట్లుగా ఆరే సకినాలూ, పొయ్యి ముందు పీట వేసుకుని ఇంటినంతా ఏలుతున్నట్టు కూర్చునే మా నాయనమ్మా కళ్లముందుకొస్తారు.

పొలానికి పోవాల్సిన వాళ్లు టిఫిన్ డబ్బా పట్టుకుని ఫ్యాక్టరీ షిఫ్టులకు పోవడం మొదలైన ఎనభైల నాటి రోజులవి. మా నాయనా వాళ్లలో ఒకడు. సాయంత్రం గాలి మళ్లితే ఊరంతా ఘాటు వాసన కమ్మేది. మా బడిలో ఇంగ్లీషు సారు నేర్పిన మొదటి వాక్యం ఆ గాలి గురించే: "ది ఎయిర్ స్మెల్స్ బ్యాడ్." స్మెల్, టేస్ట్, ఫీల్ లాంటి క్రియల తర్వాత వస్తువు గుణమే చెప్పాలి కానీ పని జరిగిన తీరు కాదని చెప్పడానికి, ఆయన మా చేత చింతకాయో కొత్తబెల్లమో వేపపుల్లో తెప్పించి, నోట్లో పెట్టుకున్నాకే వాక్యం చెప్పనిచ్చేవారు. "టేస్ట్స్ బిటర్లీ అన్నవనుకో, వేపపుల్లనే మొఖం చేదుగ పెట్టుకొని ఎవల్నో రుచి సూస్తున్నట్టు" అనేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఏడో తరగతి దాటితే పటాన్‌చెరు బడికి బస్సెక్కాల్సిందే. ఆడపిల్లకు బస్సు ప్రయాణాలేంటి, చదివింది చాలు అంది నాయనమ్మ. ఆమె మాట దాటే మగవాడు మా ఇంట్లో లేడు. నేను రెండు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చాను.

మేనత్త పెళ్లికి సకినాలు నూనెలో కాలుస్తున్న రోజు, నన్ను పంపమని అడగడానికి సారే ఇంటికొచ్చారు. మొదటి వాయి నాయనమ్మ కొరికి బాగుందనేదాకా ఎవరూ ముట్టకూడదన్నది మా ఇంటి కట్టడి. ఆ రోజు ఆమె తను కొరకకుండా ఒక సకినం నా చేతిలో పెట్టింది.

"సదువొచ్చిందంటున్నరు గద, గిది ఎట్లున్నదో ఇంగ్లీషుల చెప్పు."

కొరికాను. మాడింది. ఆ వాయి కాల్చింది నాయనమ్మే. బాగుందంటే మెత్తబడి పంపుతుందేమోనని ఆశ పుట్టింది, కానీ నోట్లో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే నాకు అలవాటైపోయింది.

"ఇట్ టేస్ట్స్ బిటర్" అన్నాను.

"ఏమన్నది?" అని నాయనమ్మ సారును అడిగింది.

ఆయన నీళ్లు నమిలి, "చేదున్నదంటున్నదమ్మా" అన్నారు.

నాయనమ్మ మిగతా ముక్క తన నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. "నిజమే, మాడింది. నా మొఖం మీదనే గిట్ల చెప్పినదానికి బస్సుల ఇంకెవని భయం? పోనియ్యిండ్రి" అంది.

ఆ పెంకుటింటి జాగాలో ఇప్పుడు కార్మికుల కిరాయి గదులు లేచాయి. నాయనమ్మ లేదు, సారూ లేరు. ఆ పటాన్‌చెరు బడిలో ఇంగ్లీషు చెప్పేది మాత్రం నేనే, ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. ఏటా ఆ క్రియల పాఠం రోజున డబ్బా నిండా సకినాలు పట్టుకుపోతాను. అందులో ఒకటి కావాలనే మాడుస్తాను. అది కొరికిన పిల్ల నా ముఖం చూసి తటపటాయిస్తుంది. తను నిజం చెప్పేదాకా నేను నోరు విప్పను.