డేట్స్ లేని జనం

పెళ్లి సీను. ఫిల్మ్‌నగర్ వెనక బండల మీద వేసిన సెట్టు. ఎర్రగుడ్డ తొడిగిన కుర్చీలు వరసలుగా, ఖాళీగా ఉన్నాయి. వాటి పక్కనే పట్టుచీరల్లో ఆడవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. ఒకామె కూర్చోబోతే సెట్ అసిస్టెంటు అరిచాడు: "ఏయ్, కుర్చీ కదిలితే కంటిన్యుటీ పోద్ది. లే!" సరే అని నేల మీద చతికిలబడితే, చీరలు మాసిపోతాయని కాస్ట్యూమ్స్ అతను కేకలేశాడు. తెల్లవారకముందే కృష్ణానగర్‌లో వ్యానెక్కిన గుంపు అది. హీరోగారి పాట ముక్క పక్క సెట్టులో సాగుతూనే పోయింది. పొద్దు గూకింది. ఆ రోజు పెళ్లి సీను తీయనే లేదు.

ఆ గుంపులో మనోజ ఉంది. అప్పుడామె ఇంజనీరింగ్ విద్యార్థిని. ఫీజు కోసం సెలవుల్లో, సెలవు పెట్టుకుని కూడా, జూనియర్ ఆర్టిస్టుగా వెళ్లేది. మధ్యాహ్నానికి వదిలేస్తామన్న మాట నమ్మి వచ్చింది. మధ్యాహ్నం తర్వాత కాలేజీలో ల్యాబ్ పరీక్ష. అది పోయింది. ఆమె ఎవరితోనూ గొడవ పడలేదు. చీర మడిచి అప్పగించి వ్యానెక్కింది. మరుసటి ఏడాది తన కింది బ్యాచ్‌వాళ్ల మధ్య కూర్చుని ఆ పరీక్ష మళ్లీ రాసింది.

ఎందుకు అడగలేదంటే ఇప్పటికీ ఆమెది ఒకటే జవాబు. "అడిగితే మళ్ల పిలుస్తరా?"

మనోజది రహమత్‌నగర్. తండ్రి బాలనర్సయ్య సెట్టు సామాను మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు. చదువయ్యాక ఆమెకు జూబ్లీహిల్స్‌లో, ఒక బట్టల షోరూమ్ పై అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. రహమత్‌నగర్ నుంచి ఆటోలో పావుగంట దూరం. ఆ ఆఫీసు చేసేది సినిమావాళ్లకు పనికొచ్చే పనే: ఏ సీను ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి అన్న వరుసను కంప్యూటరుతో వేయించడం.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. పది సీన్లుంటే వాటిని పేర్చడానికి ముప్పై ఆరు లక్షలకు పైగా వరుసలున్నాయి. సినిమాకు పది సీన్లు సరిపోవు. అన్ని వరుసలనూ ఒక్కొక్కటిగా చూసి మంచిది ఏరడం ఏ యంత్రం వల్లా కాదు. అందుకే తెలివైన అడ్డదారులు వెతికే పద్ధతులు రాస్తారు. ఒక్కో ఇంజనీరుకు ఒక్కో పద్ధతి. ఎవరికి వాళ్లు తమదే గొప్ప అంటారు. ఏది నిజంగా గొప్పదో తేల్చడం మనోజ పని. అందరికీ అవే సమస్యలు, అదే యంత్రం, అంతే సమయం ఇచ్చి పరుగు పెట్టించాలి. కొన్ని పద్ధతులు పాచికల్లాగా అదృష్టం మీద నడుస్తాయి కాబట్టి, ఒక్కసారి గెలిస్తే నమ్మకుండా మళ్లీ మళ్లీ పరుగెత్తించాలి. ఏ కొలతతో గెలుపు తేలుస్తామో ముందే రాసి పెట్టుకోవాలి. ఫలితం చూశాక కొలత ముట్టుకోకూడదు. ఈ చివరి నియమం మనోజే పెట్టింది. దాని విషయంలో ఎంత మొండిగా ఉండేదంటే, ఆఫీసులో ఆమెను అంపైర్ అని పిలిచేవారు.

గత వేసవిలో ఒక నిర్మాణ సంస్థ కొత్త సినిమాకు ఈ సాఫ్ట్‌వేర్ వాడతామంది. ఏ పద్ధతి ఇవ్వాలో తేల్చమని ఆఫీసు యజమాని రామకృష్ణ మనోజకు చెప్పాడు. పోటీ జరిగింది. రిత్విక్ అనే కుర్ర ఇంజనీరు రాసిన పద్ధతి తిరుగులేకుండా గెలిచింది. పెద్ద నటులు డేట్స్ ఇచ్చి, పనిలేక కూర్చునే రోజులను మిగతావాటికన్నా బాగా తగ్గించింది. రిత్విక్ అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు.

బిస్కెట్ తింటూనే మనోజ గెలిచిన వరుసల్లో ఒకదాన్ని తెర మీద తెరిచింది. అంకెలు కాకుండా, షూటింగువాళ్లు చదివే పద్ధతిలో, ఏ రోజు ఏ సీను, ఎవరెవరు రావాలి అని. అందులో ఒక పెళ్లి సీను ఉంది. పెళ్లి సీను మూడు ముక్కలైంది. పొద్దున్నే ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క, ఆ మధ్యలో హీరోగారి వేరే సీన్లు. మూడో ముక్క మరునాటికి పడింది. పెళ్లివారు మాత్రం రెండు రోజులూ పొద్దుటి నుంచి అక్కడే ఉండాలి.

ఆ జనం ఎదురుచూపుకు యంత్రం వేసిన ఖర్చు సున్నా.

ఎందుకు సున్నా? పరిశ్రమలో పేరున్న నటులు డేట్స్ ఇస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నేను మీవాణ్ణి అని. జూనియర్ ఆర్టిస్టుల డేట్స్ ఎవరూ అడగరు. పిలిస్తే వస్తారు, అంతే. కాబట్టి యంత్రానికి ఇచ్చే పట్టికలో, వాళ్ల వరసలో డేట్స్ గడి ఖాళీ. కుర్చీలకూ, కార్లకూ, పూలదండలకూ కూడా ఆ గడి ఖాళీయే. ఖాళీ గడి కనిపిస్తే 'ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది, ఉంచితే ఖర్చు లేదు' అనుకోమని యంత్రానికి ఒక నియమం ఉంది. కుర్చీల విషయంలో అది సరైన నియమమే. రాసింది మనోజ.

ఆమె లేచి నేరుగా రామకృష్ణ గదికి వెళ్లింది. రిత్విక్ వెనకే వచ్చాడు.

"సర్, పోటీ తప్పు. జనాన్ని సామాన్లలో కలిపేశాను."

రామకృష్ణ కళ్లద్దాలు తీశాడు. "వచ్చే వారం క్లయింట్ మీటింగ్ అమ్మా. ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే చూశాను సర్. వాళ్ల వెయిటింగ్ కూడా కలిపి మళ్లీ లెక్క తీస్తాను."

"ఒక్క నిమిషం." రిత్విక్ ముఖం ఎర్రబడింది. "రిజల్ట్ చూశాక కొలత మారుస్తావా? రేపు నా కోడ్ ఓడిపోయిందని నేనొచ్చి కొలత మార్చమంటే ఊరుకుంటావా అంపైరూ?"

అతను అన్నది నిజం. నచ్చిన ఫలితం వచ్చేదాకా కొలత మార్చుకుంటూ పోతే అది పోటీ కాదు, మోసం. ఆమె కారణం న్యాయమైనదే కావచ్చు. మోసగాళ్లందరూ తమ కారణం న్యాయమైనదే అంటారు.

"నువ్వన్నది కరెక్టే," అంది మనోజ. "ఈ పోటీలో నువ్వే గెలిచావు. రిపోర్టులో అలాగే రాస్తా, పక్కనే నా తప్పు కూడా రాస్తా. కానీ ఇంకో పోటీ పెడదాం. కొత్త సమస్యలు. కొలత ఇప్పుడే, ఎవరూ పరుగెత్తకముందే రాద్దాం. నువ్వు నీ కోడ్ మార్చుకో. మిగతావాళ్లూ మార్చుకుంటారు."

"క్లయింట్ అడగలేదమ్మా ఇది," అన్నాడు రామకృష్ణ.

"అడగరు సర్."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "మీటింగ్ లోపే అయిపోవాలి మరి," అన్నాడు.

కొత్త సమస్యలు కావాలంటే, జనాన్ని నిజంగా ఎంతసేపు ఆపుతున్నారో తెలియాలి. ఏ ఆఫీసులోనూ ఆ వివరం లేదు. మనోజ కృష్ణానగర్ వెళ్లింది. నీలమ్మ గది ముందు ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని మెహందీ పెట్టుకుంటున్నారు, మరునాడు ఏదో సంగీత్ సీనుకు. నీలమ్మ వయసు అరవై దాటింది. తెర మీద లెక్కలేనన్ని పెళ్లిళ్లకు పెద్దముత్తయిదువ. మనోజను మొదటిసారి వ్యానెక్కించింది ఆమే.

"ఏందే పోరీ, గింత దూరమొచ్చినవ్? మళ్ల చీర కట్టుకుంటవా ఏంది?"

"కాదక్కా. షూటింగ్‌ల మీరు ఎంతసేపు కూసుంటరో చెప్పాలె."

"కూసునుడా? కూసోనిస్తే గదా! నిలబడుడని రాస్కో."

మెట్ల మీద నవ్వులు. ఒకామె మెహందీ చెయ్యి ఎత్తి, "మా నిలబడుడు గూడ కంప్యూటర్ల ఎక్కుతదా? టికెట్ పెడ్తరా దానికి?" అంది.

మనోజ విషయం చెప్పింది. హీరోయిన్ ఎదురుచూస్తే యంత్రం ఖర్చు రాస్తుందని, వీళ్లు ఎదురుచూస్తే సున్నా అని.

"గా సున్నా ఎవరు పెట్టిండ్రు?" అడిగింది నీలమ్మ.

"నేనే అక్కా."

నవ్వులు ఆగిపోయాయి. "అయితే నువ్వే తీసెయ్," అంది నీలమ్మ.

ఆ మరునాటి నుంచి మనోజ ఫోనుకు వాయిస్ మెసేజీలు మొదలయ్యాయి. వ్యానెక్కినప్పుడు ఒకటి, మొదటి షాట్‌కు పిలిచినప్పుడు ఒకటి పంపమని చెప్పింది ఆమె. మధ్యలోవి వాళ్లే పంపారు. "ఇంకా పిలువలే బిడ్డా." "టిఫిన్ అయిపోయింది, మాకు రాలే." "గీడ బాత్రూమ్ లేదు, బండల వెనక్కి పోవాల్నంట. నేను పొద్దటి సంది నీళ్లు తాగలే." ఆ చివరి గొంతు నీలమ్మది. దాన్ని మనోజ ఏ గడిలోనూ ఎక్కించలేకపోయింది.

కొలత రాసింది. పెద్ద నటుల ఖాళీ రోజులు ఒకవైపు, జనం నిలబడే గంటలు ఒకవైపు. దేనికెంత బరువో పోటీకి ముందే మనోజ, రిత్విక్, రామకృష్ణ ముగ్గురూ ఒప్పుకున్నారు. పరుగు మొదలైంది.

రిత్విక్ పద్ధతి, మార్పులేవీ చేయకుండా పెట్టినప్పుడు, అన్నింటికన్నా కిందకు పోయింది. ఒకే జనం ఉన్న సీన్లను పక్కపక్కన పెట్టే పాత సాదా పద్ధతి కూడా దాన్ని దాటేసింది. రిత్విక్ ఒక రోజంతా తన వరుసలనే తెరిచి చూశాడు. తర్వాత కూర్చుని మార్చుకున్నాడు. మార్చాక అదే మళ్లీ ముందుకొచ్చింది. చాలా సమస్యల్లో జనం ఎదురుచూపు సగానికి తగ్గింది. హీరోల ఖాళీ రోజులు దాదాపు పెరగలేదు.

"ఇంత ఈజీనా!" అన్నాడు రిత్విక్. "ముందే చెప్పొచ్చు కదా?"

"నీ కోడ్‌కి చెప్పాల్సింది నేనేగా," అంది మనోజ.

అన్నిచోట్లా తగ్గలేదు. కొన్ని సమస్యల్లో హీరో అయినా ఆగాలి, జనమైనా ఆగాలి, మూడో దారి లేదు. అదీ రిపోర్టులో రాసింది.

మీటింగుకు వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు మర్యాదస్తుడు. అంతా విన్నాడు. "బావుందండీ. కానీ క్రౌడ్ అన్నాక వెయిటింగ్ ఉంటుంది కదా. అది వాళ్ల పనిలో భాగమే."

"కెమెరా ముందు నిలబడడం పని సర్," అంది మనోజ. "కెమెరా లేనిచోట నిలబెట్టడం మన ప్లానింగ్."

చివరికి బేరం మధ్యేమార్గంలో కుదిరింది. జనం ఎదురుచూపు గడి సాఫ్ట్‌వేరులో ఉంటుంది, అందులో ఎంత వేయాలన్నది వాడేవాళ్ల ఇష్టం. మనోజ పట్టుబట్టి సాధించింది ఒక్కటే. మనుషుల వరసలో ఆ గడి ఖాళీగా ఉంటే యంత్రం ఇక సున్నా అనుకోదు. ఆగిపోయి అడుగుతుంది: 'వీళ్లు ఒక గంట ఎదురుచూస్తే ఖర్చెంత?' జవాబు కొట్టేదాకా ముందుకు కదలదు. సున్నా ఖర్చే కావాలంటే, ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని తమ వేలితో ఆ సున్నా కొట్టాలి.

మనోజ ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. నీలమ్మ ఇప్పటికీ వ్యానెక్కుతోంది. కొన్ని షూటింగుల్లో పిలుపు ఆలస్యంగా, సీనుకు దగ్గరగా వస్తోందట. కొన్నింటిలో ఇంకా పాత పద్ధతే. అక్కడ ఎవరో ఆ సున్నా కొట్టారని అర్థం.

ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు ఇది చదువుతుంటే మీతోనే మాట. ఆ గడిలో సున్నా కొట్టకండి. తక్కువో ఎక్కువో, నిజమైన అంకె వేయండి. యూనియన్ పెద్దలూ, రేట్ల కోసం కొట్లాడినట్టే, ఏ సీనుకు ఆ సీనుకే పిలవాలని కొట్లాడండి. మనోజలాగా కొలతలు రాసేవాళ్లూ, మీరు ఈ ఊరి ఆఫీసుల్లో వేలమంది ఉన్నారు. బస్సుల వేళలు, ఆస్పత్రి వరుసలు, డెలివరీ కుర్రాళ్ల దారులు మీ చేతుల మీదుగానే పోతున్నాయి. మీ పరీక్షల్లో ఎవరి గడి ఖాళీగా ఉందో రేపు ఆఫీసుకు వెళ్లగానే ఒకసారి తెరిచి చూడండి. అక్కడ మనిషి ఉంటే, ముందు ఆ మనిషిని వెళ్లి అడగండి. తర్వాతే యంత్రాన్ని పరుగెత్తించండి.