గుట్ట చేరని బోటు

తిప్పయ్య సగం బతుకు బావుల్లోనే గడిచింది. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో డీజిల్ ఇంజన్లతో నీళ్ళు తోడే కాలంలో, ఎవరి ఇంజన్ మొరాయించినా స్పానర్ల సంచి భుజాన వేసుకుని పోయేది అతనే. తర్వాత బావులు ఎండాయి. బోర్లు వేశారు, అవీ ఎండాయి. ఇంజన్లన్నీ పాత ఇనుము కొట్లకు చేరాయి. కొన్నాళ్ళు ట్రాక్టర్లు బాగుచేశాడు, కొన్నాళ్ళు బెంగళూరులో జనరేటర్ల దగ్గర కాపలా ఉన్నాడు. చివరికి కాలువ వచ్చి, రిజర్వాయర్ నిండి, చూడవచ్చే జనం కోసం అక్కడొక డీజిల్ బోటు పెట్టినప్పుడు దాన్ని నడిపే పని దొరికింది. చుక్క నీటి కోసం బావి అడుగున మోకాళ్ళ మీద పాకినవాడు, యాభై దాటాక నీళ్ళ మీద తిరగడం మొదలుపెట్టాడు.

ఆ నీళ్ళ కిందే అతను పెరిగిన ఊరు ఉంది. నిజానికి అది అతని అక్క ఆంజినమ్మ అత్తగారి ఊరు. తల్లి పోయేనాటికి తిప్పయ్య ఇంకా పాకుతున్నాడు. ఆంజినమ్మ పెళ్ళయి పోతూ తమ్ముణ్ణి కూడా చంకనేసుకుని పోయింది. బావ ఆదెన్న ఒక్కనాడూ అదేమని అడగలేదు. గొర్రెల వెంట పోయేటప్పుడు ఈ పిల్లవాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని గుట్టంతా తిప్పేవాడు. రిజర్వాయర్ రాకముందే ఆదెన్న జ్వరంతో పోతే, ఆ గుట్ట పక్కన సొంత చేనులోనే సమాధి చేశారు. తర్వాత ఊరు మునిగింది, చేలు మునిగాయి. గుట్ట ఒక్కటి నీళ్ళ నడుమ మిగిలింది. సమాధి కాస్త ఎత్తున ఉండబట్టి అదీ మిగిలింది.

ఊరివాళ్ళకు గార్లదిన్నె పక్కన ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. ఆంజినమ్మ అక్కడ కొడుకు చంద్రమోహన్, కోడలు సుజాతల దగ్గర ఉంటోంది. మొదట్లో ఏటా భర్త పోయిన నెలలో చేపలవాళ్ళ పుట్టి ఎక్కి గుట్టకు పోయి, సమాధికి నీళ్ళు చల్లి, టెంకాయ కొట్టి వచ్చేది. ఒక ఏడు పుట్టి మునిగి ఇద్దరు చనిపోయారు. ఇక మనుషుల్ని ఎక్కించుకోవద్దని ఆఫీసర్లు గట్టిగా చెప్పేశారు. అప్పటినుంచి ఆమె పోలేదు.

తమ్ముడికి బోటు పని దొరికిందని వినగానే ఆమె అడిగిన మాట ఒకటే.

"తిప్పా, ఒక్కతూరి నన్ను గుట్ట కాడికి తీసకపోరా."

"తీసకపోతా లేక్కా. అదెంత పని?" అన్నాడు తిప్పయ్య.

కానీ బోటు టూరిస్టులది. ఒడ్డుకు దగ్గరగా ఒక చుట్టు తిప్పి తీసుకురావడం వరకే. గుట్ట చాలా దూరం. ఇవాళ, రేపు అంటూ ఏడాది గడిచింది. చివరికి బోటింగ్ చూసుకునే మేనేజర్ రాజేంద్రే అన్నాడు. "అన్నా, సోమవారం పొద్దున జనాలెవరూ రారు. ఇంజన్ ట్రయల్ చూస్తాండామని రాస్తా. అక్కను తీసకపోయి, ఎండెక్కే లోపల వచ్చేయి."

శివరాత్రి పోయిన తర్వాతి సోమవారం ఆంజినమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. బుట్టలో టెంకాయ, పూలు, ఆదెన్నకు ఇష్టమని రాత్రే చేసిన ఓళిగలు. బోటు ఎక్కేటప్పుడు చెప్పులు చేత పట్టుకుంది. "కాళ్ళ కింద మనూరుండాది గదరా" అంది.

తొందరగా పోయి రావాలని తిప్పయ్య వేగం పెంచాడు. ఎప్పుడూ ఒడ్డు పక్కన మెల్లగా తిరిగే బోటు ముక్కు పైకెత్తి పరుగు తీసింది. గుట్ట దగ్గరవుతూ వచ్చింది. రాళ్ళు, తుమ్మచెట్లు, ఆ మధ్యలో తెల్లగా ఏదో కనబడింది.

"అదిగో! అదేగదా తిప్పా, మీ బావ?" ఆంజినమ్మ లేచి నిలబడింది.

అప్పుడే వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. అలారం మోగింది. వెనక్కి తిరిగి చూస్తే, పొగగొట్టం నుంచి పొగతో పాటు ధారగా పడవలసిన నీళ్ళు పడడం లేదు, ఆవిరి వస్తోంది. తిప్పయ్య ఇంజన్ ఆపేశాడు.

మూత ఎత్తగానే వేడి ముఖానికి కొట్టింది. ఆ ఇంజన్ రిజర్వాయర్ నీళ్ళనే కిందినుంచి ఒక పైపులో పీల్చుకుని చల్లబడుతుంది. పీల్చేచోట జల్లెడకు నాచు పట్టి ఉంటుందనుకుని విప్పాడు. శుభ్రంగా ఉంది. బెల్టు బిగువుగా ఉంది. నీళ్ళ పంపులో రబ్బరు రెక్కలు మొన్ననే మార్చాడు. కాస్త చల్లారనిచ్చి మళ్ళీ స్టార్ట్ చేశాడు. మెల్లగా నడిపినంతసేపూ వెనక నీళ్ళు బాగా పడ్డాయి. వేగం పెంచగానే ధార సన్నగిల్లింది, ముల్లు లేచింది.

"మెల్లగా అయితే పోతాండాది గదా," అంది ఆంజినమ్మ. "మెల్లగానే పోదాంరా. ఇంత దూరం వచ్చినాము. వెనక్కి పోయేదానికన్నా అదే దగ్గర."

తిప్పయ్య ముల్లు వంకే చూస్తున్నాడు. ఇంజన్ పట్టేస్తే నడినీళ్ళలో నిలిచిపోతారు. బోటు పాడైతే రాజేంద్ర ఏం జవాబు చెప్పుకుంటాడు? తన పని ఏమవుతుంది?

"నీకేం తెలుసక్కా ఇంజన్ సంగతి? నోరు మూసుకోని కూర్చో!"

పుట్టి బుద్ధెరిగాక అక్కను అతను అంత మాట అనలేదు. ఆంజినమ్మ కూర్చుంది. తిప్పయ్య బోటును ఒడ్డు వైపు తిప్పాడు. ఒడ్డు చేరేదాకా మెల్లగానే నడిపాడు, ముల్లు కదలనే లేదు. సగం దారిలో ఆమె బుట్టలోని పూలు నీళ్ళలో వదిలింది.

"బాధపడాకు తిప్పా. మీ బావకు ఇష్టం లేదేమో. ఇన్నేండ్లు రాకుండా ఇప్పుడెందుకొస్తివి, పో అంటాండాడు" అని నవ్వింది.

ఓళిగలు ఒడ్డున ఉన్నవాళ్ళు తిన్నారు. బోటు బాగుచేసి మళ్ళీ తీసుకుపోతానన్నాడు తిప్పయ్య.

ఎండలు ముదిరాయి. ఉగాది దాటిన కొద్దిరోజులకు ఆంజినమ్మ బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అనంతపురం ఆసుపత్రిలో రాడ్ వేశారు. చంకల కింద ఇద్దరు పట్టుకుంటే వాకిలి దాకా రాగలదు, అంతే. ఆసుపత్రికీ బోటుకూ మధ్య తిరుగుతూనే తిప్పయ్య ఇంజన్ విప్పుతూ వచ్చాడు. థర్మోస్టాట్ మార్చాడు. వేడి దించే గొట్టాల్లోని ఉప్పంతా కడిగాడు. రెక్కలు మళ్ళీ చూశాడు. ఒడ్డున కట్టేసి వేగం పెంచి చూస్తే మళ్ళీ అదే జబ్బు.

ఒక మధ్యాహ్నం విసుగెత్తి, నీళ్ళు పీల్చే పైపునే ఊడదీశాడు. పైన చూస్తే గట్టిగా, కొత్తదానిలా ఉంది. బావుల దగ్గర అలవాటు కొద్దీ ఒక చివర నోట్లో పెట్టుకుని పీల్చాడు. మెల్లగా పీలిస్తే గాలి వచ్చింది. గట్టిగా పీలిస్తే టప్పున మూసుకుపోయింది. మళ్ళీ పీల్చాడు. మళ్ళీ మూసుకుపోయింది. కత్తితో నిలువుగా చీల్చాడు. లోపలి రబ్బరు పొర ఊడి, నాలుకలా వేలాడుతోంది. పంపు గట్టిగా లాగినప్పుడల్లా ఆ పొర దారికి అడ్డం పడుతోంది. మెల్లగా లాగితే పక్కకు ఒదిగి ఉంటోంది.

నెలల తరబడి ఏడిపించిన జబ్బు దొరికిన సంబరం తిప్పయ్యను నిలవనివ్వలేదు. ఆ పైపు ముక్క పట్టుకుని మోటార్ సైకిల్ మీద నేరుగా గార్లదిన్నె పోయాడు. ఆంజినమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"దొరికిందక్కా! ఇదిగో, ఇదీ దొంగ!" పైపు విప్పి లోపలి పొరను వేలితో ఆడించి చూపించాడు. "జోరుగా పోతే ఇది అడ్డం పడతాండాది. మెల్లగా పోతే ఏమీ గాదు. పొద్దంతా నడిపినా ఇంజన్‌కు ఏమీ గాదు!"

ఆంజినమ్మ ఆ రబ్బరు ముక్కను చేతిలోకి తీసుకుని, ఊడిన పొరను తనూ వేలితో ఆడించి చూసింది.

"అయితే ఆ పొద్దు మెల్లగా పోయింటే, చేరేటోళ్ళమేనా?"

అప్పటిదాకా తిప్పయ్యకు ఆ సంగతి తట్టనే లేదు. తలుపు పక్కన నిలబడిన కోడలు సుజాత లోపలికి వెళ్ళిపోయింది.

"చేరేటోళ్ళమే, అక్కా."

ఆమె పైపు ముక్కను మంచం మీద పెట్టింది. "చెప్పకపోయింటే బాగుండునురా. మీ బావే వద్దన్నాడని నేను సర్దుకోనుంటిని."

తిప్పయ్య మంచం పక్కన కింద కూర్చుండిపోయాడు. ఆ రోజు నోరు మూసుకోమన్న మాట ఇప్పుడు అతని చెవుల్లోనే మోగింది.

"కుర్చీలో కూర్చోబెట్టి మోసకపోతాము. నేను, చంద్రమోహన్, రాజేంద్ర. వస్తావా అక్కా?"

"వద్దులే. అట్ల రాళ్ళల్లో నన్ను మోసి మీరు పడితే? ఎట్లా నలుగురు మోసే దినమొకటి వస్తాది గదా, అప్పుడు చూద్దాం లే." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "పో, చేతులు కడుక్కోనిరా. నూనె కంపు కొడతాండావు."

కొత్త పైపు వేశాక బోటు చక్కగా పరుగు తీస్తోంది. మళ్ళీ ఒక సోమవారం రాజేంద్రకు చెప్పి తిప్పయ్య ఒక్కడే గుట్టకు పోయాడు. సమాధి మీద సున్నం పెచ్చులూడింది, పగుళ్ళలో కంపచెట్లు మొలిచాయి. వాటిని పెరికేశాడు. బిందెతో నీళ్ళు తెచ్చి కడిగాడు. టెంకాయ కొట్టాడు. ఒక చిప్ప సంచిలో వేసుకుని తిరిగి వచ్చాడు.

సాయంత్రం టెంకాయ చిప్ప అక్క చేతికిచ్చాడు.

"ఏ గుడిదప్పా?"

"ఆంజనేయస్వామి గుడిది" అన్నాడు తిప్పయ్య, ముఖం చూడకుండా.

ఆమె చిన్న ముక్క పగలగొట్టుకుని నమిలింది. తీయగా ఉందంది. మిగతాది చట్నీకి పనికొస్తుందని కోడలిని పిలిచి ఇచ్చింది.